గున్వోర్ మొగుడు

గున్వోర్ నీళ్ళలో మునిగిపోతుంటే పక్కన నిలబడి చూసి, చెయ్యి అందించకుండా పారిపోయినవాడి పేరు బ్రూనె. ఇందులో ఆవిడ మొగుడు ఆల్గోట్‌కు అనుమానమేమీ లేదు. పోలీసు ఒప్పుకోలేదు, పాస్టరు ఒప్పుకోలేదు. వాళ్ళు ఒప్పుకోనంత మాత్రాన జరిగింది జరగకుండా పోదు.

ఆ పొద్దున దీవుల నడిమి క్వార్న్ పాయ మీద మంచు ఎంత మందం కట్టిందో బ్రూనె ఇంటర్నెట్‌లో రాశాడు. స్కేటింగ్ చేసేవాళ్ళకోసం మంచు కబుర్లు రాసే సైటు ఒకటుంది, అందులో. "పాయ నడుమ పదకొండు సెంటీమీటర్లు. మనిషిని మోస్తుంది. తూర్పు ఒడ్డు ఇంకా చూడలేదు, ఇప్పుడు అటే వెళ్తున్నా." ఆ తూర్పు ఒడ్డునే, ఆల్డర్ చెట్ల కింద, ఆ గంటలోనే మంచు విరిగి గున్వోర్ పోయింది. పాల కోసం కొట్టుకు బయల్దేరిన మనిషి. ఆవిడ ఫోను ఆవిడతోనే నీళ్ళ అడుగుకు పోయింది. విరిగిన చోట, మంచు అంచున ఒక గునపం దొరికింది, అడుగు వేసే ముందు మంచును పొడిచి చూసేది. అది ఆల్గోట్ ఇంటిది కాదు. ఇంటి గునపం ఎప్పట్లాగే షెడ్డు గోడకు వేలాడుతూనే ఉంది. ఆ రోజు తరవాత బ్రూనె మళ్ళీ ఒక్క అక్షరం రాయలేదు. తప్పు చేయనివాడు అలా నోరు కుట్టుకుని ఎందుకుంటాడు?

"మీదే అయి ఉంటుంది" అని పోలీసు ఆ గునపాన్ని గుమ్మంలో ఆనించి వెళ్ళిపోయాడు. ఆల్గోట్ దాన్ని చేత్తో ముట్టలేదు. మీద గోనెసంచి కప్పి, సంచితో సహా ఎత్తి షెడ్డు మూలకు చేర్చాడు. రెండు చలికాలాలుగా అక్కడే ఉంది. సొంతదారు ఎప్పుడో ఒకప్పుడు కంటబడతాడు. అప్పుడు వాడి ముఖాన విసరాలి.

బుధవారం అతను కొట్టుకు వెళ్ళాడు. పాయ దాటితే పది నిమిషాల నడక. ఆల్గోట్ మాత్రం కారేసుకుని, దీవి చుట్టూ తిరిగి, వంతెన మీదుగా వెళ్తాడు. ఎందుకలా అని ఊళ్ళో ఎవరూ అడగరు. చలికాలంలో మంచు కింద వలలు వెయ్యడం కూడా మానేశాడు. మంచు మీద కాలు పెట్టి రెండేళ్ళయింది.

కొట్టు డాగ్నీది. అతని ఈడుదే, ముగ్గురి పెట్టు మాట్లాడుతుంది. పాలు, నల్లరొట్టె, ఉప్పు చేపల డబ్బా బల్ల మీద పెడుతూ, "శనివారం నా కొట్లో కాఫీ చాలేట్టు లేదయ్యా" అంది.

"ఎవరు పోయారు?"

"పోతేనే కాఫీ కాస్తానా నేను? పట్నం నుంచి స్కేటింగ్ వాళ్ళొస్తున్నారు. పెళ్ళాం బిడ్డలతో సహా. వారం రోజులుగా చలి, పైన రాలుమంచు లేదు, పాయంతా అద్దంలా ఉంది. క్వార్న్ పాయ తూర్పు ఒడ్డు వెంబడే వచ్చి, ఇక్కడ బన్నులు తిని వెళ్తారట. ఫోన్ చేసి చెప్పారు."

ఆల్గోట్ చేతిలోని రొట్టె సంచిలోకి వెళ్ళలేదు. "ఆ సైట్లో రాసేవాళ్ళేనా?"

"వాళ్ళే."

ఆ రాత అతనికి చూపించింది డాగ్నీయే. అంత్యక్రియలైన వారానికి, ఈ బల్ల దగ్గరే. చూపించకుండా ఉండాల్సిందని ఆవిడ తరవాత చాలాసార్లు అనుకుంది.

బ్రూనె వస్తాడు. గుంపులో కలిసి, ఏమీ ఎరగనట్టు, చెట్ల కింద ఆ చోటు మీంచే జారుకుంటూ వస్తాడు. ఇక్కడ నిలబడి బన్ను తింటాడు. తనకు వాడి ముఖం తెలియదు. పక్కనే నిలబడి బన్ను తిన్నా తెలియదు.

"అందులో నేనూ చేరాలి" అన్నాడు.

"ఆ మోకాళ్ళతో స్కేటింగా?"

"సైట్లో."

డాగ్నీ అతని ముఖం చూసింది. వాదించలేదు. లెక్కల కంప్యూటర్ తన వైపుకు తిప్పుకుని, కళ్ళజోడు తుడుచుకుని, కాసేపు టైపు కొట్టింది. "పేరడుగుతోంది."

"ఆల్గోట్ ఎరిక్సన్."

"అసలు పేరు కాదయ్యా. అందరివీ పెట్టుకున్న పేర్లే. నీకు ముళ్ళచేప అని పెడదామా? ఎటు పట్టుకున్నా గుచ్చుకుంటుంది, చక్కగా సరిపోతుంది."

"గున్వోర్ మొగుడు."

డాగ్నీ వేళ్ళు ఆగాయి. తరవాత ఒక్కొక్క అక్షరం మెల్లగా కొట్టింది. నవ్వలేదు. "ఇంకోటుందిక్కడ. ముందు కొత్తవాళ్ళ గదిలో పరిచయం రాయాలట. ఎవరు, ఏ ఊరు, ఈ పేరెందుకు పెట్టుకున్నారు. అది రాస్తేగాని మాట్లాడనివ్వరట."

"ఇంటి దగ్గర రాస్తా."

ఆవిడ అరలోంచి పాత ట్యాబ్లెట్ ఒకటి తీసి అతని సంచిలో పెట్టింది. "చేపల చేతుల్తో ముట్టుకోకు" అని, మళ్ళీ ఆగి, "ఆల్గోట్, దొరికితే ఏం చేస్తావు వాణ్ణి?" అని అడిగింది.

అతనికి తెలియదు. అదే భయం.

మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడింది. చలి పెరిగే కొద్దీ పాయలో మంచు బిగుసుకుంటూ మూలుగుతుంది. ఒక ఒడ్డున మొదలైన మూలుగు, ఎవరో పెద్ద రేకును లాక్కుపోతున్నట్టు, ఆ ఒడ్డు దాకా పోతుంది. పెళ్ళయిన కొత్తలో ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్ళు. ఇప్పుడు ఆల్గోట్ కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కుతాడు. అయినా వినిపిస్తుంది.

బల్ల మీద ట్యాబ్లెట్ పెట్టుకుని కొత్తవాళ్ళ గది తెరిచాడు. ఈమధ్య చేరినవాళ్ళ పరిచయాలు పైన ఉన్నాయి. "తడిమేజోళ్ళు" అనే ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు మోకాళ్ళ దాకా దిగబడి, రోజంతా తడి మేజోళ్ళతోనే తిరిగిందట. "అత్తగారి కుర్చీ" అనేవాడు మంచు మీద నడిచే తోపుడు స్లెడ్జి బండి మీద అత్తగారిని కూర్చోబెట్టి పక్క దీవి దాకా తోశాడట. దారి పొడుగునా ఆవిడ తప్పుదారి చెప్తూనే ఉందట. ప్రతి పరిచయం కిందా నవ్వు ముఖాల బొమ్మలు. రండి రండి అని పలకరింపులు. ఆల్గోట్ పళ్ళు నూరాడు. మంచు మీద పడి నవ్వుకునే జనం. మునిగినవాళ్ళు మాత్రం ఇక్కడికొచ్చి పరిచయం రాసుకోరు.

ఒంటివేలితో కొట్టసాగాడు. ఊరి బళ్ళో నేర్పిన చదువు, ఉత్తరం రాయడానికి చాలినంత. తప్పు పడ్డ చోట చెరిపి మళ్ళీ కొట్టాడు. పొయ్యిలో కట్టె కాలి కూలిపోయింది. లేచి ఇంకోటి వేశాడు. చివరికి ఇలా అయింది:

"నా పేరు గున్వోర్ మొగుడు. రెండేళ్ళ కిందట క్వార్న్ పాయ తూర్పు ఒడ్డున మునిగిపోయిన గున్వోర్ నా భార్య. మీలో బ్రూనె అనేవాడున్నాడు. నా భార్య మునిగినప్పుడు వాడు పక్కనే ఉన్నాడు. చూసి పారిపోయాడు. వాడి గునపం నా షెడ్డులో ఉంది. శనివారం వాడు మా ఇంటికి వచ్చి తీసుకోవాలి. రాకపోతే మీరంతా కలిసి వాణ్ణి దాచినట్టే. ఈ పేరు ఎందుకు పెట్టుకున్నానో మీకు అర్థమైందనుకుంటా."

పంపించాడు. పంపించాక బొత్తాము మీంచి వేలు తియ్యడానికి కాస్త సేపు పట్టింది.

అప్పుడు భయం నిజంగా పట్టుకుంది. ఇంతకాలం వాడెవడో తనకు తెలియదు. ఇప్పుడు తానెవరో వాడికి తెలుసు. ఇల్లెక్కడో తెలుసు. ఒక మనిషి చావు చూసి దాచినవాడు, రెండో మనిషి నోరు మూయించడానికి వెనకాడతాడా? పాయ అవతలి రోడ్డు మీద కారు దీపాలు కనిపించి, మలుపు దగ్గర ఆగినట్టే ఆగి, వెళ్ళిపోయాయి. ఆల్గోట్ తలుపు తాళం కోసం వెతికాడు. ఆ ఇంటికి ఎన్నడూ తాళం వేయలేదు. తాళంచెవి ఎక్కడుంటుందో గున్వోర్‌కు తెలిసేది. దొరక్క, కుర్చీ లాగి తలుపుకు అడ్డం పెట్టి పడుకున్నాడు.

గురువారం పొద్దున కాఫీ కాచుకుని, సాసర్లో పోసుకుని, చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అప్పుడు ట్యాబ్లెట్ తెరిచాడు. తన పరిచయం కనిపించలేదు. దాని కింద వచ్చిన మాటలు మాత్రం మిగిలి ఉన్నాయి. "తడిమేజోళ్ళు" చదవకుండానే "స్వాగతం" అని నవ్వు ముఖం పెట్టింది. "అత్తగారి కుర్చీ" మాత్రం చదివాడు: "అయ్యా, మీ బాధ అర్థమైంది. కాని బ్రూనె గురించి అలా అనకండి. మాలో సగంమంది బతికున్నది బ్రూనె మాట విన్నందుకు. రెండేళ్ళుగా జాడ లేక మేమే వెతుకుతున్నాం."

వెతుకుతున్నారట. ఆల్గోట్ మూతి వంకర తిప్పాడు.

వాటి కింద ఇంకో కబురు, అతనొక్కడికే వచ్చింది. రాసింది సైటు నడిపే సీవ్ అనే ఆవిడ. "మీ పరిచయం నేనే దాచాను. కోప్పడకండి. బ్రూనె మగవాడు కాదు. బ్రూనె ఇక్కడ చేరిన రోజు రాసుకున్న పరిచయం కింద పెడుతున్నాను. కూర్చుని చదవండి. చదివాక కింది నంబరుకు ఫోన్ చేయండి."

అతను కూర్చునే ఉన్నాడు. చదివాడు.

"అందరికీ నమస్కారం. బ్రూనె మా నాన్న గుర్రం పేరు. నా చిన్నప్పుడు చలికాలం వస్తే దుంగలు, పాలు, పెళ్ళికూతుళ్ళు, శవపేటికలు అన్నీ మంచు మీద స్లెడ్జి బళ్ళలోనే. మంచు బాగోని చోట బ్రూనె ఆగిపోయేది. కొట్టినా, బతిమాలినా అడుగు వేసేది కాదు. మా నాన్న దానితో ఎన్నడూ వాదించలేదు, చుట్టూ తిరిగి వచ్చేవాడు. అందుకే నేనింకా బతికున్నాను. అందుకే ఈ పేరు. ఈ గుర్రం కథ మా ఆయనకు చెప్తే, ఎంత గడ్డి తినేదని అడిగాడు. ఇంటర్నెట్‌లో రాసేవాళ్ళు పనీపాటా లేనివాళ్ళని ఆయన ఉద్దేశం, కనక ఇది ఆయనకు చెప్పలేదు. గునపం మా బోర్లించిన పడవ కింద దాచుకున్నాను. ఆయన కాఫీ సాసర్లో పోసుకుని, చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని రెండు కప్పులు ముగించేలోపు పాయ కొలిచి, పాలు తీసుకుని వచ్చేస్తాను. ఆలస్యమైతే కొట్టావిడ కబుర్లతో వదల్లేదంటాను. నమ్ముతాడు. కొట్టావిడ అలాంటిదే మరి. క్వార్న్ పాయ సంగతి ఇకనుంచి నన్నడగండి."

పళ్ళ మధ్య చక్కెర ముక్క కరిగిపోయింది. ఆల్గోట్ దాన్ని మింగలేదు. తియ్యటి నీళ్ళు నోట్లోనే నిలిచిపోయాయి. సాసరు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది. దించాలని అతనికి తెలుసు, దించడం ఎలాగో తెలియలేదు. కాఫీ మీద పొర కట్టింది.

మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఎక్కడో ఒక చోట ఇది వేరే మనిషి అని తేలుతుందని చూశాడు. గడ్డి దగ్గరికి వచ్చేసరికి ఆపేశాడు. అడిగాడు. ఆ మాట అడిగాడు. అప్పుడు గున్వోర్ బంగాళాదుంపలు తొక్క తీస్తోంది, అతను వల అల్లుతున్నాడు. గుర్రం పేరు చెప్పే ఉంటుంది. వినలేదు.

రెండేళ్ళు తిట్టుకోవడానికి ఒకడుండేవాడు. ఇప్పుడు వాడూ లేడు. తూర్పు ఒడ్డున గున్వోర్ పక్కన ఎవరూ లేరు.

ఫోన్ చేశాడు. సీవ్ గొంతు అతననుకున్న దానికంటే పెద్ద వయసుది.

"చదివారా?"

"చదివాను."

"మీ పోస్టు నలుగురైదుగురు చూసి ఉంటారంతే" అందావిడ. "చెరిపెయ్యమంటారా?"

"చెరిపెయ్యండి."

"కోపం వచ్చి మానేసిందేమో అనుకున్నామండీ. ఎవరో ఏదో అని ఉంటారని ఒకరినొకరం తిట్టుకున్నాం కూడా. కొట్టుకెళ్తూ ఒక ముసలావిడ పోయిందని పేపర్లో చూశాం. బ్రూనె అంత పెద్దావిడని మాకు తట్టనే లేదు. ఆ మాటతీరు అలా ఉండేది. చేరినప్పటి ఆ పరిచయం మళ్ళీ తీసి చదివింది మీ పోస్టు చూశాకే."

"గుర్రం ఆగేదని రాసింది కదా" అన్నాడు ఆల్గోట్.

"అవును."

"మరి తనెందుకు ఆగలేదు?"

"సగం కొలిచి ఊరుకునేది కాదండీ ఆవిడ. చూడని వైపుకు ఎవరైనా వెళ్తారేమోనని."

ఆల్గోట్ కిటికీ సందులో గుడ్డపీలిక లాగి, మళ్ళీ కుక్కాడు.

"ఇంకో మాట చెప్పాలి మీకు" అంది సీవ్. "మీ వైపు ఇప్పుడు కొలిచేవాళ్ళెవరూ లేరు. శనివారం వచ్చేవాళ్ళు ఆవిడ పాత రాతలు చూసుకునే వస్తున్నారు. 'వారం పాటు చలి నిలిస్తే తూర్పు ఒడ్డే బలం' అని ఒకప్పుడు రాసింది. బ్రూనె చెప్పిందంటే మావాళ్ళకు తిరుగులేదు. పిల్లలున్నారు వాళ్ళలో."

"రావద్దని చెప్పండి."

"ఏం చెప్పి ఆపను? కొలవకుండా ఎవరు చెప్పినా ఇక్కడ చెల్లదు. ఆ పట్టింపు పెట్టింది కూడా ఆవిడే. లేదంటే ఉన్నమాట చెప్తాను, బ్రూనె అక్కడే పోయిందని. అప్పుడు ఆగుతారు. చెప్పమంటారా?"

ఆల్గోట్ కళ్ళ ముందు ఆ గది కనిపించింది. తడిమేజోళ్ళు, అత్తగారి కుర్చీ, వరసగా అందరూ వచ్చి గున్వోర్ పేరు కింద ఏడుపు ముఖాల బొమ్మలు పెడతారు. గుర్రం కథ చెప్పుకుంటారు. సాసరు సంగతి చెప్పుకుంటారు.

"వద్దు."

"అయితే ఎవరైనా కొలవాలి."

"నేను మంచు మీదికి వెళ్ళను."

"రేపు సాయంత్రం దాకా చూస్తాను" అంది సీవ్ మెత్తగానే. "అప్పటికీ కొలత రాకపోతే చెప్పేస్తానండీ. మీరు తిట్టినా సరే."

శుక్రవారం తెల్లారాక ఆల్గోట్ షెడ్డు తలుపు తీశాడు. మంచుకు బెజ్జం వేసే బర్మా దించి, తుప్పు పట్టిన అంచుల్ని ఆకురాయితో గీసి, నూనె రాశాడు. కొస వంచిన కొలబద్ద ఒకటి అటక మీద దొరికింది. గోడకున్న తన గునపం మీద చెయ్యి వేసి, తీశాడు. మూలకు వెళ్ళి గోనెసంచి లాగేశాడు.

పట్టుకుని నిటారుగా నిలబెట్టాడు. అతని నడుము దాకా కూడా రాలేదు. దాంతో నేలను పొడవాలంటే వంగాలి. ఏ మగవాడికైనా వంగాల్సిందే. పట్టుకునే చోట బూడిదరంగు ఉన్ని దారం దగ్గరగా చుట్టి ఉంది. అతని కాళ్ళకున్న మేజోళ్ళు ఆ దారంతో అల్లినవే. రెండేళ్ళు తన షెడ్డులో ఉంది. ఒక్కసారి చేత్తో పట్టుకుని ఉంటే తెలిసేది.

పడవరేవు దగ్గర మంచు మీద ఒక కాలు పెట్టాడు. రెండోది రాలేదు. రేవు గుంజను పట్టుకున్న చెయ్యి దాన్ని వదల్లేదు. కింద మంచు నల్లగా, శుభ్రంగా ఉంది. దాని లోపల గాలి బుడగలు తెల్లటి నాణేల్లా ఒకదాని కింద ఒకటి ఆగిపోయి ఉన్నాయి. అంతకు కింద నాచు మెల్లగా ఊగుతోంది. నీరు కదులుతోంది. వేళ్ళను ఒక్కొక్కటీ గుంజ మీంచి తీసుకున్నాడు.

గునపంతో ముందు పొడవాలి, చప్పుడు వినాలి, అప్పుడు అడుగు వెయ్యాలి. పొడిచాడు. టక్కుమంది. అడుగు వేశాడు. చప్పుడు బాగున్నా మళ్ళీ పొడిచాడు. వంగి పొడిచి పొడిచి నడుము పట్టేసింది. పాయ నడుమకు చేరి బర్మా నిలబెట్టి, పిడి మీద గుండె ఆనించి తిప్పాడు. మంచుపొడి తెల్లగా పైకి లేచి బర్మా చుట్టూ గుట్ట కట్టింది. బర్మా పక్కకు వాలినప్పుడల్లా మళ్ళీ నిలబెట్టాడు. చివరికి గుప్పున నీళ్ళు వచ్చాయి. కొలబద్ద దించి, వంపు కొసను అడుగు అంచుకు తగిలించి చూశాడు. పన్నెండు. మోస్తుంది. ఎక్కడో దూరంగా మంచు మూలిగింది. ఆ మూలుగు అతని కాళ్ళ కిందుగా వెళ్ళి ఆ ఒడ్డును తాకింది. ఆల్గోట్ అది పోయేదాకా ఊపిరి బిగబట్టాడు.

తూర్పుకు తిరిగాడు. తొమ్మిది. ఇంకా ముందుకు వెళ్తే ఏడు. ఆల్డర్ చెట్ల నీడలు మంచు మీద పడే చోటు కనిపిస్తోంది. పైకి అక్కడా అద్దమే. ఇంకా నునుపుగా, అందంగా ఉంది. పిల్లలు చూస్తే ముందు అటే పరుగెత్తుతారు.

పొడిచాడు. టక్కు. అడుగు. టక్కు. అడుగు. తరవాతి చప్పుడు మారింది. తడి చెక్కను కొట్టినట్టు మొద్దుగా ఉంది. అతని ఒళ్ళంతా ఆ చప్పుడు విన్నది. చెయ్యి చాచి ఇంకొక్క పోటు, మూర దూరంలో. గునపం ఆగలేదు. ఉన్ని దారం దాకా దిగిపోయింది. నల్లటి నీళ్ళు బెజ్జంలోంచి ఉబికి, చప్పుడు లేకుండా మంచు మీద పరుచుకుంటూ అతని బూట్ల వైపు వచ్చాయి.

ఆల్గోట్ ఆగిపోయాడు. కొట్టినా, బతిమాలినా అప్పుడతను అడుగు వేసేవాడు కాదు.

ఆ నీళ్ళ వైపు చూడకూడదని తల తిప్పుకున్నాడు. తిప్పుకుంటే ఇల్లు కనిపించింది. పొగగొట్టం, గుమ్మం, వంటింటి కిటికీ. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద ఎత్తిపెట్టని సాసరు తెల్లగా, చుక్కలా. అతను రోజూ కూర్చునేది అక్కడే, పాయ వైపు ముఖం పెట్టుకుని. ఆ పొద్దునా అక్కడే ఉన్నాడు, తలెత్తి చూడలేదు.

మెల్లగా మోకాళ్ళ మీదికి వంగి, బోర్లా పడుకున్నాడు. గునపాన్ని ఒక చేత్తో, బర్మాను ఒక చేత్తో ఈడ్చుకుంటూ, పొట్ట మీద వెనక్కి పాకాడు. కోటు తడిసి మంచుకు అంటుకుంటోంది. గడ్డం కింద దాని అంచు చిరిగిపోయింది. ఏడు కొలిచిన బెజ్జం దగ్గరికి చేరేదాకా లేవలేదు. లేచాక కూడా నాలుగు అడుగులు పాకినట్టే నడిచాడు.

మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఫర్ మొక్కల కొసలు నరికి మోపు కట్టుకుని వెళ్ళి, ఆ చోటు చుట్టూ, దూరం దూరంగానే, జంటలు జంటలుగా అడ్డదిడ్డంగా పాతాడు. ఇటు రాకూడదని ఆ దీవుల్లో పాతకాలపు గుర్తు. పట్నం వాళ్ళు ఒంటి కొమ్మ కనిపిస్తే దారి అనుకుంటారు. జంటగా అడ్డంపెడితే ఎవరికైనా తెలుస్తుంది.

చీకటి పడకముందే ట్యాబ్లెట్ తీశాడు. కొత్తవాళ్ళ గది మళ్ళీ అదే అడిగింది. ఎవరు, ఏ ఊరు, ఈ పేరెందుకు. అతను రాశాడు: "గున్వోర్ మొగుణ్ణి. క్వార్న్ పాయ ఒడ్డున ఉంటాను. పేరుకు అర్థం పేరులోనే ఉంది. ఇంతకు మించి అడగొద్దు." సీవ్ అతన్ని సైట్లోకి రానిచ్చింది. కొలతల గదిలో అతని మొదటి రాత ఇది: "క్వార్న్ పాయ నడుమ పన్నెండు. తూర్పు ఒడ్డు ఒక్క పోటుకే దిగింది. మొయ్యదు. అక్కడ పాత రాతలు ఏవీ నమ్మకండి. పడమటి అంచున రండి. కొమ్మలు పాతాను."

పంపించాక గుర్తొచ్చింది. పడమటి అంచును రేవు నుంచి చూశాడే గాని అడుగడుగునా కొలవలేదు. రేపు అక్కడ ఎవరైనా మునిగితే అది అతని మాట మీదే. కోటు తొడుక్కుని, లాంతరు పట్టుకుని, గునపం తీసుకుని మళ్ళీ బయల్దేరాడు. సగం కొలిచి ఊరుకోవడం ఆ క్షణాన అతనికి చేతకాలేదు. ఆవిడ మీద కోపం మాత్రం పోలేదు. చెప్పి ఉంటే తనూ వెంట వచ్చేవాడు. వచ్చేవాడో లేదో, చెప్పి ఉండాల్సింది.

శనివారం వాళ్ళు పడమటి అంచునే వచ్చారు. వరసగా, చీమల్లా, పిల్లలు మధ్యలో. ఆల్గోట్ రేవు మీద నిలబడి చివరి మనిషి వంతెన కిందుగా దాటేదాకా చూశాడు. ఎవరూ మునగలేదు. వరసలో ఒకావిడ కొమ్మల ఎదురుగా ఆగి, కాసేపు అటు చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది. సీవ్ అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. అతను చెయ్యెత్తలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక కొట్టుకు బయల్దేరాడు, పాయ మీదుగా, నడుమగా. పొట్టి గునపం పట్టుకుని, అడుగడుక్కీ వంగుతూ. డాగ్నీ ఖాళీ పళ్ళేలు కడుగుతూ కిటికీలోంచి అతను మంచు మీంచి రావడం చూసింది. పళ్ళెం చేతిలోనే ఉండిపోయింది.

"కారు చెడిందా?" అంది, అతను లోపలికి రాగానే.

"పాలు."

పాలు ఇచ్చింది. అతను గోడకు ఆనించిన గునపాన్ని, దాని మీది ఉన్ని దారాన్ని చూసింది. ఆ ఉన్ని అమ్మింది ఆవిడే. "పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళ ముఖాలన్నీ చూస్తూనే ఉన్నా. ఎవరో పోల్చుకోలేకపోయా. దొరికాడా?"

"ఎవరు?"

"నీ బ్రూనె."

ఆల్గోట్ సంచి మూతి ముడివేశాడు. ముడి సరిగ్గా పడలేదు. విప్పి మళ్ళీ వేశాడు.

"అలాంటివాడు లేడు."

"లేకపోవడమేమిటయ్యా? రెండేళ్ళుగా నువ్వే కదా..."

"లేడన్నాను. ఆ పేరు ఇంక నా దగ్గర ఎత్తకు."

"నాకైనా చెప్పవా? గున్వోర్ నా దగ్గర ఏదీ దాచేది కాదు."

అతను ఆవిడ వైపు చూశాడు. గునపం చేతికి తీసుకుని తలుపు తోశాడు. డాగ్నీ ఆ తరవాత చాలాసార్లు అడిగింది. సైట్లోనూ అడిగారు, ఆ పేరెందుకని, బ్రూనె ఏమైందని. ప్రతి పొద్దునా అతను పాయ రెండు ఒడ్డులూ కొలిచి అంకెలు రాశాడు. అంకెలు తప్ప ఇంకేదీ రాయలేదు. బ్రూనె ఎవరో ఎవరికీ చెప్పలేదు.